రెండోసారి అడగని ఊరు

మా వదిన గురించి ఎవరైనా నాలుగు మాటలు సరిగ్గా రాస్తారేమోనని ఏడాది పాటు ఎదురుచూశాను. స్కూలువాళ్లు నోటీసు బోర్డు మీద ఒక కాగితం, పక్కన ఒక ఫొటో అంటించి చేతులు దులుపుకున్నారు. ఆ కాగితంలో మూడు తప్పులు. ఆవిడ టీచరు కాదు, ల్యాబ్ అసిస్టెంటు. సర్వీసు ముప్పై ఏళ్లు కాదు, ఇరవై ఏడు. "ఎందరో పేద విద్యార్థులను గొప్ప యూనివర్సిటీలకు పంపిన మహనీయురాలు" అని రాశారు. ఎందరో కాదు, పదిహేనేళ్లలో ఇద్దరు. అది చదివి నాకు ఒళ్లు మండింది. బతికుండగా తన ముందు ఎవరైనా ఆ లెక్క పెంచి చెబితే ఆవిడ ఊరుకునేది కాదు. అందుకని నేనే మొదలుపెట్టాను. నాది కుట్టు మిషను ముందు కూర్చునే చెయ్యి, కలం పట్టే చెయ్యి కాదు. ఎక్కడైనా వంకర పోతే మీరే సర్దుకోండి.

ఆవిడ మా అన్నయ్య భార్య. అన్నయ్య సీసాల ఫ్యాక్టరీలో బాయిలరు దగ్గర పనిచేసేవాడు. ఆ హోరులో పనిచేసీ చేసీ ఇంట్లో మాట్లాడటం మానేశాడు. నేను చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుడతాను. పెళ్లి చేసుకోలేదు, అది వేరే గొడవ, ఇక్కడ చెప్పను. ముగ్గురం ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. ఒక పొడుగాటి వరుసలో రెండు గదుల ఇల్లు, వరుస చివర అందరికీ కలిపి ఒక కుళాయి, వెనక గోడ అవతల ఆసుపత్రి లాండ్రీ. ఆ లాండ్రీ ఆవిరికి మా వెనక గది గోడ ఏనాడూ ఆరలేదు.

వదిన పని మాకు మూడు సందుల అవతల ఉన్న స్కూల్లో. పరీక్ష గొట్టాలు కడగడం, సీసాలకు పేర్లు అంటించడం, మూలన వేలాడే అస్థిపంజరానికి దుమ్ము దులపడం. పిల్లలు ఆవిడని ల్యాబక్క అనేవారు. ఆవిడ బట్టలన్నిటికీ యాసిడ్ చుక్కలు పడి సన్నని చిల్లులు. వారానికొకసారి కూర్చుని అవి రఫ్ఫు చేయడం నా పని. "నీ జీతం కన్నా నా దారం ఖర్చు ఎక్కువ" అని నేను సాధించేదాన్ని. ఆవిడ నవ్వేసి ఇంకో జాకెట్టు నా ఒళ్లో పడేసేది.

ఈ యూనివర్సిటీల పిచ్చి ఆవిడకి ఎలా పట్టుకుందో చెప్పాలి. పెళ్లికి ముందు ఇరవై మూడేళ్ల వయసులో, రైల్లో ఒక రాత్రీ ఒక పగలూ ప్రయాణం చేస్తే తప్ప చేరలేని ఒక పెద్ద యూనివర్సిటీకి ల్యాబ్ ఉద్యోగం ఇంటర్వ్యూ కోసం వెళ్లింది. ఇంటర్వ్యూ అయిదు నిమిషాల్లో అయిపోయింది, ఉద్యోగం రాలేదు. తిరుగు రైలుకి ఇంకా సమయం ఉందని, వెయిటింగ్ హాలు అనుకుని ఒక భవనంలోకి వెళ్లింది. అది లైబ్రరీ. నువ్వెవరని ఎవరూ అడగలేదు. ఒక బల్ల దగ్గర నలభై నిమిషాలు కూర్చుంది. ఎదురుగా ఆవిడ ఈడు కుర్రాడొకడు పుస్తకం మీద తల పెట్టి, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడట.

ఆ కథ మాకు వందసార్లు చెప్పి ఉంటుంది. ఎన్ని పుస్తకాలున్నాయో, పైకప్పు ఎంత ఎత్తో ఏనాడూ చెప్పలేదు. ఆ నిద్రే చెప్పేది. "అంత పెద్ద చోటులో, సొంత ఇంట్లో పడుకున్నట్టు పడుకున్నాడే. మన పిల్లలు బ్యాంకులోకి వెళ్లాలన్నా మునివేళ్ల మీద నడుస్తారు" అనేది. మన పిల్లల్లో ఒక్కరైనా అక్కడ అలా నిద్రపోవాలి, అదీ ఆవిడ కోరిక. "చదివించడానికా, నిద్రపుచ్చడానికా నువ్వు తీసుకెళ్లేది?" అని నేను వెక్కిరించేదాన్ని.

స్కూల్లో మొదటిసారి ఈ మాట ఎత్తినప్పుడు హెడ్మాస్టరు, ముందు గొట్టాలు కడుక్కోమన్నాడు. టీచర్లు పెదవి విరిచారు. ఆవిడ ఆ మాటలు చెవిన పెట్టకుండా యూనివర్సిటీకి ఉత్తరాలు రాసింది. పన్నెండో ఉత్తరానికి జవాబు వచ్చింది. ఏటా సెలవుల ముందు ఎనిమిదిమంది పిల్లలు రావచ్చు, రెండు రోజులుండొచ్చు, ఖాళీ హాస్టలు గదుల్లో పడుకోవచ్చు, ఏ క్లాసులోనైనా కూర్చోవచ్చు. పెద్దవాళ్లు మాత్రం ఇద్దరు తోడుండాలి. ఆ రెండో మనిషి ఎవరంటారా? షిఫ్టులు మార్చుకుని, సూపర్‌వైజరు చేత చీవాట్లు తిని, పదిహేనేళ్లూ గొణుక్కుంటూ వెళ్లింది నేనే.

ప్రయాణానికి నెల ముందు నుంచి బడి వదిలాక ల్యాబులో రిహార్సల్స్ జరిగేవి. పిల్లలకి గాజు తలుపు తోయడం రాదని బ్యాంకుకి తీసుకెళ్లి ఒక్కొక్కరి చేతా తోయించేది. వాచ్‌మన్ రెండుసార్లు తరిమాడు, మూడోసారి తనే తలుపు ఎటు తోయాలో నేర్పాడు. అక్కడి భోజనాల హాల్లో ట్రే పట్టుకుని నడవాలి కనుక ల్యాబు ట్రేల మీద నీళ్ల బీకర్లు పెట్టి అటూ ఇటూ నడిపించేది. క్లాసులో ముందు వరుసలోనే కూర్చోవాలి. ఒక్క ప్రశ్నయినా అడగాలి. అడిగేటప్పుడు నేల చూడకూడదు.

వీటన్నిటితో పాటు మర్యాద కూడా నేర్పేది. మా వరుసల్లో మర్యాద ఎలా ఉంటుందో మీకు తెలియాలి. ఎవరైనా ఏదైనా ఇస్తామంటే మొదటిసారి "వద్దండీ" అనాలి. రెండోసారి "మీకెందుకండీ శ్రమ" అనాలి. మూడోసారికి తీసుకోవాలి. ఇచ్చేవాళ్లకీ ఇది తెలుసు కాబట్టి వాళ్లూ మూడుసార్లు అడుగుతారు. ఒక్కసారి అడిగి ఊరుకున్నారంటే ఇచ్చే ఉద్దేశం లేదని అర్థం. మొదటిసారికే చెయ్యి చాపిన పిల్లని చూసి కరువులో పుట్టిందంటారు, ఆ మాట తల్లిదాకా పోతుంది. వదిన ఈ విషయంలో మరీ పట్టుదల. "లేనివాళ్లం అని అక్కడ తెలిస్తే తెలియనీ, ఆబగా ఉంటామని తెలియకూడదు" అనేది. పిల్లలు వరుసగా నిలబడి "వద్దండీ, మావాళ్లు చూసుకుంటారండీ" అని పాఠంలా చెప్పేవాళ్లు. ఎంత ముద్దుగా చెప్పేవాళ్లో. నేనే చప్పట్లు కొట్టేదాన్ని.

ఆరో ఏడాది వెళ్లినవాళ్లలో మేం లెక్కల పిల్ల అని పిలిచే అమ్మాయి ఉంది. వాళ్లమ్మ మా గోడ అవతల లాండ్రీలోనే ఆసుపత్రి దుప్పట్లు ఉతికేది. తండ్రి లేడు, తమ్ముడు చిన్నవాడు. ఆ పిల్ల దుప్పట్లు మూటలు కట్టే చోట కూర్చుని చదువుకునేది. లాండ్రీ చీటీల వెనకంతా లెక్కలే. ఆ చీటీలు ఆసుపత్రికి వెళ్లి, అక్కడ నర్సులు ఇవేం గీతలని విసుక్కునేవారు. బడిలో లెక్కల మాస్టారు ఆ పిల్ల అడిగే సందేహాలకు భయపడి మంచినీళ్లకని బయటికి వెళ్లిపోయేవాడు.

పిల్లని ప్రయాణానికి పంపే కాగితం మీద సంతకం కోసం వదినా నేనూ వెళ్లినప్పుడు ఆ తల్లి చేతులు తుడుచుకుని కాగితం తీసుకుంది. బ్లీచింగు నీళ్లకి ఆవిడ వేళ్ల చివర్లు తెల్లగా చీలిపోయి ఉన్నాయి. సంతకం పెట్టకుండా ముందు ఒక మాట చెప్పింది. "నా దగ్గర ఏమీ లేదమ్మా. చదువూ, తిండీ, ఉండటం అంతా వాళ్లే చూసుకుంటామంటే పిల్లని పంపుతాను. లేదంటే దానికి ఆశ పెట్టకండి. ఆశ పడితే నేను తీర్చలేను."

వదిన ఆ పూచీ నాదంది. అలా మాటిచ్చే మనిషి కాదు ఆవిడ. ఆ రోజు ఎందుకిచ్చిందో నాకు తెలుసు. లైబ్రరీలో నిద్రపోయే పిల్ల దొరికిందనుకుంది.

అనుకున్నట్టే అయింది. రెండో రోజు ఉదయం లెక్కల క్లాసులో ఎనిమిదిమందీ ముందు వరుసలో కూర్చున్నారు. నేను వెనక తలుపు దగ్గర. ప్రొఫెసరు గారు సన్నగా, పొడుగ్గా, చొక్కా ఒక గుండీ తప్పి పెట్టుకుని ఉన్నారు. కాలర్లు కుట్టేదాన్ని కదా, నా కన్ను దానిమీదే ఉంది. ఆయన బోర్డు మీద ఒక లెక్క వేసి తన విద్యార్థులని అడిగారు. ఎవరూ లేవలేదు. మా పిల్ల లేచి, ఇలా చేస్తే ఏమవుతుందండీ అని అడిగింది. ఆయన సుద్ద ముక్క ఇచ్చి పైకి రమ్మన్నారు. తర్వాత ఏం జరిగిందో నాకు అర్థం కాలేదు కానీ, క్లాసు అయిపోయినా ఆయన కదల్లేదు, పిల్లా కదల్లేదు. బోర్డు రెండుసార్లు తుడిచారు. భోజనం టైము దాటిపోయింది. చివరికి ఆయన స్వయంగా మమ్మల్ని అడ్మిషన్ల ఆఫీసు దాకా తీసుకొచ్చి, ఈ అమ్మాయి పేరు రాసుకోండని చెప్పి వెళ్లిపోయారు.

వదిన ఆ సమయానికి మిగతా ఏడుగురితో లైబ్రరీలో ఉంది. ఆఫీసులో పిల్ల పక్కన కూర్చుంది నేను.

అక్కడ ఒకావిడ ఉంది. కళ్లద్దాలు, నెమ్మదైన గొంతు, మంచి మనిషి. ఇప్పటికీ ఆవిడని తిట్టుకోవడానికి నాకు కారణం దొరకదు. పేరు, తరగతి, తల్లి ఏం చేస్తుందో అడిగి అన్నీ రాసుకుంది. తర్వాత పెన్ను పక్కన పెట్టి చెప్పింది. "వచ్చే ఏడాదికి నీకు సీటు రావచ్చు. ఇలా చూడ్డానికి వచ్చిన పిల్లల్లో ఒకరికి ఫీజూ, హాస్టలూ, భోజనం మేమే పెట్టుకుంటాం. ఆ సాయం నీకు కావాలా?"

పిల్ల ఓరకంట నా వైపు చూసింది. నేను చిన్నగా తల ఊపాను. నేర్పినట్టే చెప్పమని.

"వద్దండీ. మావాళ్లు చూసుకుంటారండీ."

ఎంత పద్ధతిగా చెప్పిందో. నేల చూడలేదు, గొంతు వణకలేదు. నాకు గర్వంగా అనిపించింది, ఆ మాట దాచను. ఆవిడ నవ్వి, చాలా సంతోషమని చెప్పి, కాగితం మీద ఏదో రాసింది. రెండోసారి అడుగుతుందని నేను ఎదురుచూశాను. ఆవిడ కాగితాన్ని ఫైల్లో పెట్టింది. ఇంకా ఎదురుచూశాను. ఫైలు తీసుకెళ్లి అలమారలో పెట్టి, భోజనాల హాలుకి దారి తెలుసా అని అడిగింది.

బయటికొచ్చాక పిల్ల అడిగింది, "పిన్నీ, మళ్లీ ఎప్పుడు అడుగుతారు?"

"ఉత్తరం రాస్తారులే. పెద్ద చోటు కదా" అన్నాను. నిజంగానే అలా అనుకున్నాను. అంత పెద్ద ఆఫీసులో రెండోసారి కాగితం మీద అడుగుతారేమోనని.

మర్నాడు ఉదయం తిరుగు రైల్లో వదినకి ఇదంతా పూసగుచ్చినట్టు చెప్పాను. పిల్లని చూసి నేర్చుకోండని మిగతావాళ్లకి వినపడేలా కూడా చెప్పాను. వదిన కిటికీ దగ్గర కూర్చుని టిఫిను డబ్బా మూత తీస్తోంది. మూత మళ్లీ పెట్టేసింది.

"రెండోసారి అడిగిందా?" అంది.

లేదన్నాను. ఆవిడ డబ్బా పక్కన పెట్టి కిటికీ వైపు తిరిగింది. ఆ తర్వాత ఊరు చేరేదాకా ఇటు తిరగలేదు. మొదట నాకు కోపం వచ్చింది, నేనేం చేశానని. కాసేపటికి ఏం జరిగిందో నాకూ అర్థమైంది. లెక్కల పిల్ల పై బెర్తు మీద బోర్లా పడుకుని, ప్రొఫెసరు గారు ఇచ్చిన కాగితాల్లో మునిగిపోయి ఉంది.

స్టేషను నుంచి ఇంటికి వెళ్లకుండానే వదిన యూనివర్సిటీకి ఫోను చేసింది. ఉత్తరం వచ్చేదాకా ఆగమన్నారు. మేం ఎవరికీ ఏమీ చెప్పలేదు. పొరపాటు వాళ్లకే తెలుస్తుంది, లాండ్రీలో పనిచేసే తల్లి ఎలా చూసుకుంటుందని వాళ్లే ఆలోచిస్తారు అని ఒకరికొకరం చెప్పుకున్నాం. రెండు నెలలకి ఉత్తరం వచ్చింది. సీటు వచ్చింది. సాయం అని ఉన్న గడిలో "అవసరం లేదన్నారు" అని ఉంది. అందులో అబద్ధమేమీ లేదు.

వదిన సెలవు పెట్టి ఒక్కతే మళ్లీ అంత దూరం వెళ్లింది. ఆఫీసు తలుపు తెరిచేటప్పటికే బయట నిలబడిందట. కళ్లద్దాలావిడ ఫైలు తీసి చూపించింది. తల్లి ఏం పని చేస్తుందో మీరే రాసుకున్నారు కదా, వద్దంటే ఎలా నమ్మారని వదిన అడిగింది. ఎవరి ఇంటి పరిస్థితీ మేం ఊహించకూడదమ్మా, అడగడం వరకే మా పని అని ఆవిడ జవాబిచ్చింది. మా మర్యాద గురించి వదిన చెప్పింది. మూడుసార్లు అడగాలని. ఆవిడ శ్రద్ధగా విన్నది, బాధపడింది కూడా. కానీ ఆ సాయం ఇంకో పిల్లకి ఇచ్చేశారు. వేరే ఊరి పిల్ల, తల్లి రోడ్లు ఊడుస్తుంది. కావాలంటే కమిటీకి అర్జీ పెట్టండి, ఆ పిల్లకి ఇచ్చినదాని సంగతి మళ్లీ ఆలోచిస్తారేమో అందిట.

వదిన అర్జీ కాగితం చేతిలో పట్టుకుని సగం పూట ఆ వరండాలో కూర్చుంది. రాయలేదు. ఆ కాగితం తీసుకొచ్చి నాకు చూపించింది, ఖాళీగా. నేను ఒంటికాలి మీద లేచాను. మన పిల్ల మన పిల్లే కదా, ఎవరో ముక్కూ మొహం తెలియని దాని కోసం రాయకుండా వస్తావా అని అరిచాను. అన్నయ్య గదిలోంచి వచ్చి, నన్ను ఊరుకోమన్నట్టు భుజం మీద చెయ్యి వేశాడు. వదిన ఆ సాయంత్రమే లాండ్రీకి వెళ్లి తల్లికీ పిల్లకీ ఉన్నదున్నట్టు చెప్పింది. తప్పు తనదేనని చెప్పింది. నేను తల ఊపిన సంగతి మాత్రం చెప్పలేదు. అది ఈరోజుకీ వాళ్లకి తెలియదు.

తల్లి మళ్లీ దుప్పట్ల దగ్గరికి వెళ్లిపోయిందట. తిట్టి ఉంటే వదిన బతుకు కొంచెం తేలిగ్గా ఉండేదేమో.

ఆ ఏడాది వదిన కాళ్లరిగేలా తిరిగింది. ఫ్యాక్టరీ యూనియన్లు, ట్రస్టులు, పాత హెడ్మాస్టర్లు. ఎక్కడా పని కాలేదు. వచ్చే ఏడాది మళ్లీ దరఖాస్తు పెట్టొచ్చు అని తెలిసి ప్రాణం లేచి వచ్చింది. కానీ ఈలోగా తల్లి చేతులు పూర్తిగా పాడయ్యాయి. వేళ్లు ముడుచుకోవు. ఆసుపత్రి దుప్పట్లు ఉతికీ ఉతికీ ఆ ఆసుపత్రిలోనే లైనులో నిలబడింది. ఆ పని పోకూడదని, తమ్ముడి బడి మానిపించకూడదని, పిల్ల తల్లి స్థానంలో షిఫ్టులు మొదలుపెట్టింది. నాలుగు నెలలకని.

ఆ మధ్యలోనే మరుసటి ఏడు ప్రయాణం వచ్చింది. ఆ నెలంతా ల్యాబులో రిహార్సల్స్ తలకిందులయ్యాయి. అడిగిన వెంటనే "కావాలండీ" అనాలి, గట్టిగా అనాలి. పిల్లలకి నోరు పెగిలేది కాదు. ఒకడైతే చెవులు ఎర్రబడి బల్ల కింద దూరాడు. తల్లులు స్కూలుకొచ్చి, మా పిల్లలకి అడుక్కోవడం నేర్పుతున్నారేంటని వదిన మీద విరుచుకుపడ్డారు. ఆవిడ ఆ మాటలన్నీ పడింది. ఆ పాఠం వల్లే తర్వాతి ఏళ్లలో ఇద్దరికి సాయం దొరికింది. ఆ ఇద్దరి గురించి పొగిడితే ఆవిడ లేచి కుళాయి దగ్గరికి వెళ్లిపోయేది, నీళ్లు రాని వేళల్లో కూడా.

అక్కడికి వెళ్లినప్పుడు ప్రొఫెసరు గారిని కలిశాం. ఆయన ఒక మాట రాసిస్తే దరఖాస్తుకి బలం అవుతుందని వదిన ఆశ. ఏడాది కిందట వచ్చిన లెక్కల పిల్ల అండీ అంది. ఆయన నొసలు ముడిచారు. "ఏ అమ్మాయి?" అన్నారు. గుర్తు చేయడానికి వదిన చాలా ప్రయత్నించింది. ఏ రోజు, ఎంతసేపు, బోర్డు రెండుసార్లు తుడిచారు కూడా అని. చాలామంది వస్తుంటారమ్మా, ఏమీ అనుకోకండి అన్నారాయన. నా నోరు ఊరుకోదు కదా, ఏదో అనబోయాను. వదిన నా చెయ్యి గట్టిగా నొక్కింది. ఆయన తప్పు లేదు. ఆయనకి అది ఒక మధ్యాహ్నం.

తిరిగొచ్చిన మర్నాడు వదిన దరఖాస్తు ఫారం పట్టుకుని లాండ్రీకి వెళ్లింది, నేనూ వెంట వెళ్లాను. లెక్కల పిల్ల ఆరిన దుప్పట్లు మడతపెడుతోంది. పెద్ద దుప్పటి ఒక్కరికి సాగదు కనుక వదిన రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ దగ్గరికి రావడం, కొసలు కలపడం, మళ్లీ దూరం వెళ్లడం. అలా మడతలు వేస్తూనే వదిన ఫారం సంగతి చెప్పింది. ఈసారి నేనే పక్కన కూర్చుంటాను, నేనే చెబుతాను, అమ్మకి ఇంకేదైనా ఏర్పాటు చూద్దాం అంది.

పిల్ల ఇంకో దుప్పటి తీసి కొస వదినకి అందించింది. చీటీలు కట్టగా గోడకి వేలాడుతున్నాయి, వాటి వెనక ఖాళీగా ఉంది. చివరికి చెప్పింది.

"ల్యాబక్కా, మీ మీద నాకు కోపం లేదు. కానీ నన్ను అక్కడికి తీసుకెళ్లకుండా ఉంటే బాగుండేది. ఈ పని కష్టమని కాదు. అమ్మ చేసింది, నేనూ చేసేదాన్ని. ఇప్పుడు పొద్దున తొమ్మిదింటికి ఇక్కడ మిషను తిప్పుతుంటే, అక్కడ క్లాసు మొదలైందని నాకు తెలుస్తోంది. అది తెలియకుండా ఉంటే బాగుండేది."

వదిన చేతిలో దుప్పటి కొస అలాగే ఉండిపోయింది. పిల్లే దగ్గరికొచ్చి ఆ కొస అందుకుని మడత పూర్తి చేసింది. తర్వాత ఇంకో దుప్పటి తీస్తూ, ఏదో మామూలు విషయంలా అడిగింది. "సారు నా గురించి అడిగారా?"

నేను వదిన వైపు చూశాను. ఇరవై ఏళ్లుగా తెలుసు నాకు ఆవిడ. జ్వరం వచ్చి సెలవు పెట్టినా ఎన్ని డిగ్రీలో సరిగ్గా రాసే మనిషి.

"అడిగారు. వెళ్లగానే మొదట నీ గురించే అడిగారు" అంది వదిన.

పిల్ల మొహంలో కాస్త వెలుగు వచ్చింది. ఫారం మాత్రం తీసుకోలేదు. ఆ రోజు బండెడు దుప్పట్లు ముగ్గురం కలిసి మడతపెట్టాం. ఆ తర్వాత ప్రతి ఏటా మేం తిరిగొచ్చిన వారంలో ఆ పిల్ల కుళాయి దగ్గర ఎదురుపడేది, అడిగేది. వదిన ప్రతి ఏటా అదే జవాబు చెప్పేది. నాలుగు నెలలకని చేరిన పని తొమ్మిదేళ్లయింది. తమ్ముడు చదువుకుని వేరే ఊళ్లో ఉద్యోగంలో చేరాడు. తల్లి ఉంది, మంచం మీద.

కిందటేడు వదినకి ఊపిరితిత్తుల్లో జబ్బు చేసింది. చివరి రెండు నెలలూ పక్క దుప్పట్లు రోజూ మార్చాల్సి వచ్చేది. లెక్కల పిల్ల తన షిఫ్టు కాగానే వచ్చి పాతవి తీసుకెళ్లి ఉతికినవి పరిచేది. వదిన ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఏదో చెప్పాలని చూసేది, దగ్గు అడ్డం వచ్చేది. ఏం చెప్పాలనుకుందో నేను ఊహించగలను కానీ, ఊహించినదాన్ని ఆవిడ మాటగా రాయను. ఒక మంగళవారం పొద్దున్నే పోయింది.

పదో రోజు మధ్యాహ్నం ఆ పిల్ల మా ఇంట్లో మిగిలిన లాండ్రీ దుప్పట్లు తీసుకెళ్లడానికి వచ్చింది. అన్నయ్య బయట మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. నేను దుప్పట్లు తెచ్చి ఇచ్చాను. అవి చేతుల్లో పట్టుకుని నిలబడిపోయింది.

"పిన్నీ, మీకు మొహమాటం లేదని అందరూ అంటారు. అందుకని మిమ్మల్ని అడుగుతున్నా. సారు నిజంగా అడిగేవారా?"

నా నోటికి తాళం లేదని ఫ్యాక్టరీలో పేరు. సూపర్‌వైజరుకి మొహం మీద చెప్పిన మాటలు ఎన్నో. ఆ పూట మాత్రం, "అడిగేవారే. నేను పక్కనే ఉన్నాను కదా" అన్నాను.

"ఏమని అడిగేవారు?"

అది నేను ఆలోచించుకోలేదు. "ఆ అమ్మాయి ఇప్పుడు ఏం చేస్తోంది అని" అనేశాను. అన్నాక గానీ నాకు తెలియలేదు ఏమన్నానో.

పిల్ల నా మొహంలోకి చూసింది.

"ల్యాబక్క ఏం చెప్పేది?"

నా కళ్లల్లో నీళ్లు తిరగడం చూసి ఆ పిల్లే, "సరేలే పిన్నీ" అంది. రెండింటి షిఫ్టుకి టైమవుతోందని దుప్పట్లు భుజాన వేసుకుని వెళ్లిపోయింది.